ఆట కోసమే, మామయ్యా

గోడలాయన రోజుకు పది గోడలు లేపుతాడు, చేతికి సిమెంటు అంటకుండా. ఇంకా పునాది కూడా తవ్వని ఇంటిని కంప్యూటర్లో నిలబెట్టి, తలుపు తీసి, ఓనర్ని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించినట్టు నడిపించి, వంటింట్లో పొద్దుటి ఎండ ఏ గట్టు మీద పడుతుందో కూడా చూపిస్తాడు. వాళ్ళు చూసి మురిసిపోతారు. మురిసిపోయి, ఆ తలుపు కొంచెం అటు జరపమంటారు. జరుపుతాడు. ఇంకొంచెం అంటారు. ఇంకొంచెం జరుపుతాడు. ఆయన భార్య పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసిచ్చే ల్యాబులో పనిచేస్తుంది. "ఈయన లేని ఇళ్ళు చూపిస్తాడు, నేను లేని పళ్ళు పెడతాను. మొత్తానికి లేనివాటి మీదే గడుస్తోంది మా సంసారం" అంటుంది ఆవిడ, ఎవరైనా మీరేం చేస్తుంటారని అడిగితే.

ఒకప్పుడు ఆయన కూడా పెద్ద ఆఫీసులో, వరసలో కూర్చుని, వెనక బాసు నిలబడి మెడ మీద ఊపిరి వదులుతుంటే గోడలు కట్టినవాడే. ఒకరోజు ఆ ఊపిరి భరించలేక లేచి వచ్చేశాడు. వచ్చి, ఒక్కో భాగం విడిగా కొని, తన చేత్తో స్క్రూలు బిగించుకుని ఒక కంప్యూటర్ తయారుచేసుకున్నాడు. దాని సీపీయూ బియ్యం బస్తా నిలబెట్టినంత ఉంటుంది. దాన్ని రెండో అంతస్తుకు ఎక్కించిన రోజున రెండు మెట్లు అరిగిపోయాయని ఇంటి ఓనరు ఇప్పటికీ సాధిస్తాడు. అది స్టార్టయితే కింది ఫ్లాటులో గోడగడియారం ముందుకు పరిగెత్తేదనీ, దాని వెనక ఆరేసిన తడి తువ్వాలు ఐదు నిమిషాల్లో అట్టముక్కలా బిగుసుకుపోయేదనీ, ఒకసారి పెద్ద అపార్ట్‌మెంటు బొమ్మ తయారవుతుంటే ఆ వెచ్చదనానికి ఎదురింటి పిల్లి వచ్చి దాని పక్కనే పిల్లల్ని పెట్టిందనీ చెప్పుకుంటారు. గడియారం సంగతీ తువ్వాలు సంగతీ ఎవరికి తోచినట్టు వాళ్ళు నమ్మొచ్చు. పిల్లి మాత్రం నిజం. ఆ పిల్లల్లో ఒకటి ఇంకా ఆ వీధిలోనే తిరుగుతోంది. ఎక్కడ ఫ్యాను చప్పుడు వినిపించినా అమ్మా అన్నట్టు తల తిప్పి చూస్తుంది.

ఆ సీపీయూ ఉన్నది ఫ్లాటులో చిన్న గదిలో. మిగిలినవి ఒక హాలు, ఒక పడకగది, ఒక వంటిల్లు. ఇప్పుడు ఆ చిన్న గది ఆయనకు పిల్లనిచ్చిన మామకు కావలసి వచ్చింది.

ఆ పెద్దాయన తల నెరిసేదాకా లారీ తోలాడు. పెళ్ళాం పోయాక, కూతురికి పెళ్ళయ్యాక, లారీ ఓనర్ల ఆఫీసు వెనక డ్రైవర్లు పడుకునే పెద్ద గదిలో ఒక మంచం పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. కూతురు ఎన్నిసార్లు రమ్మన్నా, "నాకేం, రాజాలా ఉన్నా" అనేవాడు. ఈమధ్య మోకాలు మొరాయించడం మొదలుపెట్టింది. ఒకరోజు ఆ రాజు బాత్రూంలో జారిపడి, ఎవర్నీ పిలవడానికి మొహమాటపడి, మోకాలికి బుద్ధి వచ్చి అదే లేస్తుందిలే అని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు. పొద్దెక్కాక ఎవరో తలుపు తోసి చూశారు. సంగతి తెలియగానే కూతురు సగం చేసిన పళ్ళసెట్టు బల్ల మీదే వదిలేసి, కారు మాట్లాడుకుని వెళ్ళి, ఆయన్ని తీసుకొచ్చి హాల్లో సోఫా మీద కూర్చోబెట్టింది.

సోఫా ఆయనకు పొట్టి. పడుకుంటే మోకాళ్ళ దగ్గర్నుంచీ కాళ్ళు బయటే ఉండేవి. వీధి తలుపు తీసినవాళ్ళకి ముందు పాదాలు కనపడేవి, ఆ తర్వాత చాలాసేపటికి మొహం కనపడేది.

"నాన్నా, ఆ చిన్న గదిలో మంచం వేయిస్తా. హాయిగా పడుకుందువుగాని" అంది కూతురు.

"అందులో అల్లుడి మిషనుందిగా?"

"తీసేస్తారు."

అంతే, పెద్దాయన ఒంటికాలి మీద లేచాడు. పనిచేసేది ఆ ఒక్క కాలే మరి.

"నా కోసం ఆ మిషను అంగుళం జరిగినా నా మంచానికి నేను పోతాను. ఆదివారం దాకా దాన్ని ఎవరికీ ఇవ్వొద్దని చెప్పే వచ్చాను."

"ఏంటి నాన్నా ఆ మొండితనం!"

"మొండితనం కాదమ్మా. నేనెక్కిన ప్రతి బండికీ నాకన్నా ముందు ఇంకొకడు ఉండేవాడు. నేను ఎక్కిన రోజే వాడు దిగేవాడు. దుప్పటి చుట్ట చంకలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడి చూసేవాడు. తిట్టినా బాగుండేది, వాడు ఊరికే చూసేవాడు. చాలు, చాలా చూశాను. ఈ వయసులో సొంత అల్లుడి మొహంలో కూడా అదే చూడమంటావా?"

ఆవిడ వంటింట్లోకి వచ్చి, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున మొగుడితో అంది: "ఆయన ఆదివారం వెళ్ళిపోతే నాకింక నిద్ర ఉండదండీ. కళ్ళు మూస్తే ఆ బాత్రూం తలుపే. ఏదో ఒకటి చెయ్యండి."

గోడలాయన గడ్డం గోక్కున్నాడు. "ఇప్పుడు ల్యాప్‌టాప్‌లలో కూడా మన సీపీయూ అంత పని చేసేవి వస్తున్నాయి. ఆటలాడేవాళ్ళ కోసం చేసినవి. అలాంటిదొకటి కొనేసి పాతది అమ్మేస్తే నా పని ఆగదు. భోజనాల బల్ల మీద చేసుకుంటా."

"నాన్నకి అర్థం కాదా? నా కోసమే కొన్నాడని వెంటనే మూట కట్టుకుంటాడు."

"ఆయన కోసం కాదని చెప్తా."

"మరి దేనికని చెప్తారు?"

"ఆటలాడుకోవడానికని."

ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. "మీరా! క్యారమ్స్‌లో కాయిన్ పడగొట్టి ఎదుటివాళ్ళకి సారీ చెప్పే మనిషి మీరు!"

అయినా ఆయన హాల్లోకి వెళ్ళాడు. సోఫా చివర, పాదాల పక్కన, కాస్త చోటు చేసుకుని కూర్చున్నాడు.

"మామయ్యా, రేపు నాతో షాపుకి వస్తారా? ఒక ల్యాప్‌టాప్ చూడాలి."

"ఉందిగా లోపల ఏనుగంత."

"అది పనికి. ఇది ఆటకి. చాలా ఏళ్ళుగా మనసు పడుతున్నా. మీ అమ్మాయి ఒప్పుకోదు. మీరు పక్కనుంటే నోరెత్తదు."

పెద్దాయన ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఈ వయసులో ఆటలా?"

"ఇప్పుడాడకపోతే ఇంకెప్పుడు మామయ్యా. పైగా పనీ దాంట్లోనే చేసుకోవచ్చట. అప్పుడు రెండు దేనికి, పాతది అమ్మేస్తా. గది అంటారా, అది ఎలాగూ ఖాళీయే. ఎవరికీ అక్కర్లేకుండా పడుంటుంది."

ఆ చివరి మాటని ఆయన చాలా తేలిగ్గా అన్నాననుకున్నాడు. పెద్దాయన మీసం దువ్వుకుని, "నేను పేకాట మానేసిన వయసులో నువ్వు మొదలుపెడుతున్నావన్న మాట. సరే, పద" అన్నాడు.

షాపు ఒక పెద్ద భవనంలో పై అంతస్తు. లోపల చలి. ఒక గోడ పొడవునా ల్యాప్‌టాప్‌లు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. అక్షరాల మీటల కింద ఎర్రవీ పచ్చవీ నీలివీ దీపాలు పరుగులు తీస్తున్నాయి. "మా లారీల వెనక కూడా ఇలాంటివే పెట్టించేవాళ్ళం. అవి వెలిగితే ఇంజన్ బాగుందని కాదు, ఓనరు కొత్తగా పెళ్ళి చేసుకున్నాడని" అన్నాడు పెద్దాయన.

ఆ వరస చూసుకునేది ముప్ఫై దాటిన ఒకావిడ. కళ్ళజోడు, మెడలో కార్డు, ఎవరెంత పిచ్చి ప్రశ్న వేసినా తొణకని మొహం.

"ఏ ఆటలు ఆడతారు సార్?"

గోడలాయన తెర ఎంత ఉండాలో, గ్రాఫిక్స్ కార్డు ఎలాంటిది కావాలో, మెమరీ తర్వాత పెంచుకోవడానికి చోటుండాలో లేదో, అన్నీ రాత్రే చదువుకుని వచ్చాడు. ఈ ఒక్క ప్రశ్నకి చదువుకోలేదు.

"అన్నీ" అన్నాడు.

"అన్నీ అంటే? కాల్చేవా, కార్లా? ఒక్కరే ఆడతారా, టీముతోనా?"

"ఒక్కణ్ణే. టీము ఇంకా దొరకలేదు."

ఆవిడ చేతిలో ఇమిడిపోయేంత సన్నని ల్యాప్‌టాప్ ఒకటి ముందుకు జరిపింది. "అయితే ఇది చూడండి. తేలిక. తెర సెకనుకి రెండు వందల నలభై సార్లు మారుతుంది. శత్రువు ఇలా మూల తిరిగేలోపు మీరు అలా కాల్చేస్తారు."

గోడలాయన ఇళ్ళు పరిగెత్తవు. వాటికి ఆ వేగంతో పనేముంది! "నాకు శత్రువులు అంత తొందరగా అక్కర్లేదండీ. మెల్లగా వచ్చినా పర్లేదు. తెర పెద్దగా ఉండాలి. రంగు మాత్రం ఉన్నది ఉన్నట్టు కనపడాలి."

"శత్రువు చొక్కా రంగా సార్?"

"గోడ రంగు."

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. "సార్, ఆ ఆటేదో చెప్పండి. ఆట తెలిస్తే మిషను నేను చెప్తా. కాలేజీ రోజుల నుంచీ ఆడుతున్నదాన్ని, నాకు తెలియని ఆట ఉండదు."

గోడలాయన పక్కకి చూస్తే మామ చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి, ఆ చేతుల మీద గడ్డం పెట్టి, కథ వినే పిల్లాడిలా కూర్చుని ఉన్నాడు. తప్పించుకునే దారి లేదు. అప్పటికప్పుడు ఆట ఎక్కణ్ణుంచి తెస్తాడు? తెలిసిందే చెప్పాడు.

"అదీ... ఇళ్ళు కట్టే ఆట."

"అలాంటివి చాలా ఉన్నాయి. ఏది?"

"ఇది కొత్తది. మొదట ఖాళీ స్థలం ఇస్తారు. మనం ఇల్లు కట్టాలి. కట్టగానే ఓనరు వస్తాడు."

"విలనా?"

"అబ్బే, చాలా మంచివాడు. అద్భుతంగా ఉంది అంటాడు. అని, మెట్లు పీకి అటుపక్క పెట్టమంటాడు. పెడతాం. అప్పుడు వాళ్ళావిడ వస్తుంది."

"రెండో లెవెల్."

"అవును. ఈ మెట్లు ఎవరు జరిపారు అంటుంది. మళ్ళీ ఇటే పెట్టిస్తుంది. మూడో లెవెల్లో ఆవిడ తమ్ముడొస్తాడు. వాడికి ఆ ఇంటితో ఏ సంబంధమూ లేదు, ఊరికే వస్తాడు. ఇంత కిటికీ ఎందుకంటాడు."

"వాణ్ణి కాల్చొచ్చా?"

"ఆ ఆప్షన్ లేదు" అన్నాడు గోడలాయన. ఆ గొంతులో పలికిన దిగులు మాత్రం కల్పించింది కాదు. "టీ ఇవ్వాలి."

"మరి గెలవడం ఎలా?"

"ఇంతవరకు ఎవరూ గెలవలేదండీ. కట్టడం మానుకుని వాళ్ళు ఆ స్థలం అమ్మేసుకుంటే మన ఆట అయిపోతుంది."

"బాబోయ్! మరెందుకు ఆడుతున్నారు సార్ దాన్ని?"

గోడలాయన ఒక్క క్షణం అబద్ధం సంగతి మరిచిపోయాడు. "ఒక్కోసారి, వాళ్ళు తెర మీద ఆ ఇంట్లోకి నడుస్తారు కదా... నడుస్తూ నడుస్తూ ఒక మూల ఆగి, ఇదిగో, ఇక్కడ మా అమ్మ కుర్చీ వేద్దాం అంటారు. ఇంకా మట్టి కూడా తియ్యలేదు, అయినా కుర్చీ వేసేస్తారు. అప్పుడు బాగుంటుందండీ. ఆ తర్వాత ఎన్నిసార్లు మెట్లు జరపమన్నా జరపబుద్ధేస్తుంది."

పెద్దాయనకు దగ్గు వచ్చింది. చాలాసేపు వచ్చింది. రుమాలు తీసి నోరు తుడుచుకుని, పనిలో పనిగా కళ్ళు కూడా తుడుచుకున్నాడు. షాపులో చలి పడలేదేమో అనుకున్నాడు గోడలాయన.

షాపావిడ వాళ్ళని వరస చివరికి తీసుకెళ్ళింది. అక్కడ, మిగిలినవాటి మధ్య ఇమడలేక విడిగా కూర్చోబెట్టినట్టు, ఒక భారీ శాల్తీ ఉంది. "డెస్క్‌టాప్ తీసేసేవాళ్ళు కొనేది ఇదే సార్. తెర పద్దెనిమిది అంగుళాలు. రంగు నమ్మొచ్చు, బొమ్మలేసేవాళ్ళు కూడా తీసుకుంటున్నారు. కార్డుకి సొంత మెమరీ బాగా ఉంది, ఇల్లే కాదు, వీధంతా పట్టేస్తుంది. వెనక మూత విప్పితే ఇంకా మెమరీ పెట్టుకోవచ్చు."

ఆవిడ ఒక అడవి దృశ్యం నడిపించింది. ఆకు ఆకూ కదిలింది. కాసేపటికి ల్యాప్‌టాప్ వెనక నుంచి హోరు మొదలైంది. పక్క వరసలో బేరమాడుతున్న మొగుడూపెళ్ళాం ఏదో విమానం వస్తోందని కిటికీ వైపు చూశారు.

"ఎత్తు ఎక్కుతుందా?" అని అడిగాడు పెద్దాయన.

"ఏం వేసినా లాగుతుంది పెద్దాయనా."

"మైలేజీ?"

"అదొక్కటే అడక్కండి. బ్యాటరీ మీద గంట. అదీ సగం జోరుతోనే" అని ఆవిడ ప్లగ్గు పీకింది. అంతవరకూ తేలిపోతున్న అడవి ఒక్కసారిగా కుంటడం మొదలుపెట్టింది. మళ్ళీ పెట్టగానే పరిగెత్తింది. "చూశారుగా, ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండాలి." ఛార్జరు తీసి చేతిలో పెట్టింది. అది ఇటుకంత ఉంది.

"ఇన్నాళ్ళకి ఒక ఇటుక ముట్టుకున్నావు అల్లుడూ" అన్నాడు పెద్దాయన. తర్వాత, ఎవరి వైపూ చూడకుండా, "దీన్ని ఒళ్ళో పెట్టుకోవచ్చా?" అన్నాడు.

"అయ్యో, తొడలు కాలిపోతాయి! గట్టి బల్ల ఉండాలి. వెనక గాలి ఆడాలి. పక్కనే ప్లగ్గుండాలి."

"భోజనాల బల్ల మీద?"

గోడలాయన ఉలిక్కిపడ్డాడు.

"పెట్టొచ్చు. కానీ తినేటప్పుడల్లా తియ్యాలి, మళ్ళీ పెట్టాలి. అంత బరువుని రోజూ అలా కదిలిస్తే మీ నడుము పడిపోతుందో, ల్యాప్‌టాపే కింద పడుతుందో చెప్పలేను. గ్లాసుడు నీళ్ళు ఒలికితే ఇక అంతే."

పెద్దాయన తల ఊపాడు. "మిషను మంచిది. తీసుకో" అన్నాడు.

దారి పొడుగునా ఆయన కార్లో ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకున్నాడు. గోడలాయన మొత్తం అబద్ధాన్ని మనసులో మళ్ళీ మొదట్నుంచీ నడిపించుకుంటూ, ఎక్కడ చిల్లు పడిందో వెతుక్కుంటూ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే పెద్దాయన డబ్బా సోఫా మీద పెట్టి, తను మాత్రం నిలబడే ఉన్నాడు.

"అమ్మాయ్, మీ ఆయన ఆడే ఆటేమిటో ఇవాళ విన్నాను."

"ఏ ఆట నాన్నా?" అంది కూతురు, మొగుడి వైపు చూడకుండా.

"ఒక ఓనరు, వాళ్ళావిడ, ఆవిడ తమ్ముడు. ఆ ముగ్గురి గొంతులూ నాకు తెలుసు. ఈ సోఫాలో పడుకుని రోజూ ఆ గదిలోంచి స్పీకరు ఫోన్లో వింటూనే ఉన్నాగా. నిన్న తమ్ముడు కిటికీ గురించి గంట మాట్లాడాడు. ఆ గంటలో నేనైతే ఆ కిటికీలోంచి వాణ్ణే కిందికి తోసేసేవాణ్ణి."

గోడలాయన తల వంచుకున్నాడు. "తెలిసిపోతే మరి షాపులోనే ఎందుకనలేదు మామయ్యా?"

"అంటే నువ్వు కొనకుండా వచ్చేసేవాడివి. పైగా అబద్ధం చాలా అందంగా చెప్పావు. మధ్యలో ఆపబుద్ధి కాలేదు."

"అయితే రేపు ఆదివారం..." అని కూతురు మాట మింగేసింది.

పెద్దాయన కర్ర పట్టుకుని చిన్న గది వైపు నడిచాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఆ గుమ్మం దాటనివాడు గుమ్మం దాటాడు. సీపీయూ, రెండు మానిటర్లు, ఊడల్లా వేలాడే వైర్లు, కిటికీ పక్కన బల్ల, అన్నీ చూశాడు. కర్రతో అటు గోడ నుంచి ఇటు గోడకి కొలిచాడు.

"ఈ బస్తా పోతుంది. ఈ రెండు తెరలూ పోతాయి. ఆ పక్క గోడ వారగా మంచం పడుతుంది. ఈ బల్ల కదలడానికి వీల్లేదు. ప్లగ్గు ఇక్కడుంది, గాలి ఆ కిటికీలోంచి వస్తుంది. షాపావిడ చెప్పిందిగా. నువ్వు ఇక్కడే కూర్చోవాలి."

"అది కాదు మామయ్యా, గది మీకు..."

"ఆగు. దూరం పోయే బండికి ఇద్దరు డ్రైవర్లు ఉంటారు. ఒకడు తోలుతుంటే ఒకడు వెనక పడుకుంటాడు. పడుకున్నవాడు ఎవరి సీటూ లాక్కోలేదు. వాణ్ణి ఎవరూ దిగమనరు. నేను రెండో డ్రైవర్ని. అలా అయితే ఉంటాను. గది ఖాళీ చేసి ఇస్తానంటే మాత్రం ఉండను."

గోడలాయన బల్ల మీద చెయ్యి వేసి, "ఫోన్లు వస్తుంటాయి మామయ్యా. మీకు ప్రశాంతంగా ఉండదు" అన్నాడు.

"ప్రశాంతంగా పడుకోవడం నాకెప్పుడు అలవాటు? అదీగాక, నాకు గురక ఉంది. ముందే చెప్తున్నా."

"కొత్త మిషనుకీ ఉంది మామయ్యా. ఇందాక విన్నారుగా."

కూతురు కొంగుతో మొహం తుడుచుకుని, మంచం ఎక్కడ దొరుకుతుందో, పరుపు ఎంత పొడుగు కావాలో గబగబా లెక్కలు వేయడం మొదలుపెట్టింది. పెద్దాయన ఆ మాటలేవీ వినిపించుకోకుండా గోడలోని బీరువా తలుపు తీసి లోపలికి తొంగి చూస్తున్నాడు. పై నుంచి కింది దాకా పాత వైర్లు, పాత మౌసులు, ఖాళీ అట్టపెట్టెలు.

"అల్లుడూ, నా చొక్కాలు పెట్టుకోవడానికి ఇందులో ఒక్క అర ఇస్తావా?"

"రెండు తీసుకోండి" అన్నాడు గోడలాయన, అప్పటికే పై అరలోంచి వైర్లు లాగుతూ.